10 ఓట్లతో మేయర్.. గెలిచాకే అసలు పోరు! అమెరికా చిన్న నగరం బర్లింగ్టన్ ఎన్నికల కథ ఇదీ

అమెరికా ఎన్నికలు అనగానే వైట్‌హౌస్, స్వింగ్ స్టేట్స్, టీవీ డిబేట్లు గుర్తొస్తాయి. కానీ ఇంటి ముందు మంచు ఎప్పుడు తీస్తారు, ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది, వీధిలో పోలీసులు ఎంతమంది ఉండాలి.. ఇవన్నీ తేల్చేది వాషింగ్టన్ కాదు, ఊళ్లోని సిటీ హాల్. ఆ సిటీ హాల్ రాజకీయం ఎంత వాడిగా ఉంటుందో చూడాలంటే వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌ను చూడాలి. ఈ ఊళ్లో మేయర్ పదవి ఒకసారి 10 ఓట్ల తేడాతో చేతులు మారింది. అలా గెలిచిన వ్యక్తి పేరు బెర్నీ శాండర్స్. అవును, 2016లో, 2020లో డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీ పడిన శాండర్సే.

ఎంత చిన్న నగరమంటే..

2020 జనాభా లెక్కల ప్రకారం బర్లింగ్టన్ జనాభా 44,743. మన దగ్గరైతే ఓ మోస్తరు మున్సిపాలిటీ. అయినా వెర్మాంట్ మొత్తానికి ఇదే అతిపెద్ద నగరం. అమెరికాలోని మిగతా ఏ రాష్ట్రంలో చూసినా, అక్కడి అతిపెద్ద నగరం దీనికంటే పెద్దదే. పక్కనే చాంప్లెయిన్ సరస్సు, కొద్ది దూరంలో కెనడా సరిహద్దు, ఊళ్లో వెర్మాంట్ యూనివర్సిటీ. బెన్ అండ్ జెర్రీస్ ఐస్‌క్రీమ్ 1978లో పుట్టింది ఇక్కడే.

ఏటా మార్చి మొదటి మంగళవారం ఇక్కడ 'టౌన్ మీటింగ్ డే'. స్థానిక ఎన్నికలన్నీ ఆ రోజే. మన మున్సిపాలిటీల్లో ఇప్పుడు కౌన్సిలర్లు గెలిచాక వాళ్లే చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు కదా. బర్లింగ్టన్‌లో అలా కాదు, మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. కౌన్సిల్‌కు విడిగా ఓటు వేస్తారు. ప్రస్తుతం కౌన్సిల్‌లో 12 మంది సభ్యులు. 8 వార్డుల నుంచి ఒక్కొక్కరు, రెండేసి వార్డులు కలిపిన 4 డిస్ట్రిక్టుల నుంచి ఒక్కొక్కరు. కాబట్టి మేయర్ ఒక పార్టీ, కౌన్సిల్ మరో పార్టీ కావడం ఇక్కడ మామూలే. క్యాంపు రాజకీయాలు ఉండవు కానీ గొడవ మాత్రం తప్పదు.

1981: ఎవరూ ఊహించని రాత్రి

1981 నాటికి మేయర్ గోర్డన్ పాకెట్. డెమొక్రాట్. పదేళ్లుగా ఆయనే మేయర్. ఆయన్ను ఎవరూ ఓడించలేరన్నది ఊళ్లో అందరి అంచనా. రిపబ్లికన్ పార్టీ అయితే అభ్యర్థినే నిలబెట్టలేదు. రెండు పెద్ద పార్టీల నేతల మధ్య సర్దుబాటు ధోరణి ఉందని విమర్శకులు అనేవాళ్లు.

ఆయనపై స్వతంత్ర అభ్యర్థిగా దిగిన శాండర్స్‌కు అప్పుడు 39 ఏళ్లు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టి వెర్మాంట్‌కు వచ్చి స్థిరపడిన మనిషి. లిబర్టీ యూనియన్ అనే చిన్న పార్టీ తరఫున రెండుసార్లు సెనేట్‌కు, రెండుసార్లు గవర్నర్ పదవికి పోటీ చేసి నాలుగుసార్లూ ఓడారు. బాగా వచ్చిందనుకున్న 1976లో కూడా దక్కింది 6 శాతం ఓట్లే. పైగా తాను సోషలిస్టునని బాహాటంగా చెప్పుకునేవారు. నాలుగు నెలల ముందే దేశం రోనాల్డ్ రీగన్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. వెర్మాంట్ కూడా రీగన్‌కే ఓటేసింది. అలాంటి టైమ్‌లో సోషలిస్టు మేయర్ అంటే ఎవరు నమ్ముతారు? యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉన్న ఆయన మిత్రుడు రిచర్డ్ షుగర్‌మన్ మాత్రం రాష్ట్రం మొత్తం తిరగడం మానేసి ఒక్క ఊరి మీద దృష్టి పెట్టమని నచ్చజెప్పారు.

అసలు శాండర్స్‌ను గెలిపించింది సిద్ధాంతం కాదు, ఇంటి పన్ను. పాకెట్ ఆస్తి పన్ను పెంచాలని ప్రతిపాదించారు. శాండర్స్ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. సొంతిల్లు ఉన్న పెద్ద వయసు వాళ్లకు, అద్దె భారం మోస్తున్న వాళ్లకు ఇది సూటిగా తగిలింది. రెండోది సరస్సు ఒడ్డు. రైలు పట్టాలు, పాత గోదాములతో పాడుబడి ఉన్న ఆ జాగాలో ఖరీదైన అపార్ట్‌మెంట్లు కట్టే ప్లాన్ నడుస్తోంది. 'బర్లింగ్టన్ అమ్మకానికి లేదు' అన్న నినాదం అక్కడి నుంచే వచ్చింది. మూడోది ఇంకా ఆసక్తికరం. జీతాల ఒప్పందంపై మేయర్‌తో పేచీ పడిన పోలీసుల సంఘం, పోలింగ్‌కు ముందు శాండర్స్‌కు మద్దతు ప్రకటించింది. సోషలిస్టు అభ్యర్థికి పోలీసుల అండ! దీంతో ఆయన్ను పెద్దగా పట్టించుకోని వాళ్లు కూడా తిరిగి చూశారు.

మరో విషయం కూడా కలిసొచ్చింది. డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం దక్కని రెస్టారెంట్ యజమాని రిచర్డ్ బోవ్, ఇండిపెండెంట్‌గా బరిలోకి దిగి వెయ్యికి పైగా ఓట్లు చీల్చారు. మార్చి 3న పోలింగ్. రీకౌంటింగ్ కూడా అయ్యాక తేలిన తేడా 10 ఓట్లు. సుమారు 9 వేల ఓట్లు పోలైన ఎన్నికలో శాండర్స్‌కు దక్కింది 43 శాతం. అంటే సగానికి పైగా జనం ఆయనకు ఓటు వేయలేదు. అయినా ఆయనే మేయర్.

కుర్చీ దక్కింది.. పని జరగలేదు

ఇక్కడి నుంచే అసలు కథ. అప్పట్లో కౌన్సిల్‌ను ఆల్డర్‌మెన్ బోర్డు అనేవాళ్లు. 13 మంది సభ్యుల్లో శాండర్స్ వైపు ఉన్నది ఇద్దరే. మిగతా 11 మంది డెమొక్రాట్లు, రిపబ్లికన్లు. అంతకుముందు వాళ్ల మధ్య ఎన్ని తేడాలున్నా, కొత్త మేయర్‌ను అడ్డుకోవడంలో మాత్రం ఒక్కటయ్యారు. ఆయన పెట్టుకున్న సెక్రటరీని రూల్స్ పేరు చెప్పి తీసేశారు. నగర పాలనలో కీలక పోస్టులకు ఆయన పంపిన పేర్లన్నీ తిప్పికొట్టారు. ఫలితం.. ఓడిపోయిన మేయర్ నియమించిన అధికారులతోనే కొత్త మేయర్ పని చేయాల్సి వచ్చింది. రెండేళ్ల పదవీకాలం, ఎలాగూ మళ్లీ గెలవడు, అప్పటిదాకా కదలనివ్వకపోతే చాలన్నది ప్రత్యర్థుల లెక్క.

ఆ లెక్క తప్పింది. ఆల్డర్‌మెన్ పదవుల్లో కొన్నింటికి 1982 మార్చిలో ఎన్నికలు జరిగాయి. శాండర్స్, ఆయన మనుషులు తమను అడ్డుకున్న సభ్యుల వార్డుల్లోనే ఇంటింటికీ తిరిగారు. బోర్డులో ఆయన వర్గం బలం 5కు చేరింది. 13లో 5 మెజారిటీ కాదు. కానీ మేయర్ వీటోను కొట్టేయాలంటే మూడింట రెండొంతుల మంది, అంటే 9 మంది కావాలి. ఎదుటి పక్షానికి మిగిలింది 8 మందే! మేయర్ సంతకం లేకుండా ఏదీ కదలదని తేలాక నియామకాలకు దారి దొరికింది. 1983లో మూడు ముక్కల పోటీలో శాండర్స్‌కు 52 శాతం వచ్చాయి. ఆ తర్వాత 1985, 1987లో కూడా గెలిచారు. చరిత్రలో 10 ఓట్ల గెలుపే ఎక్కువగా చెప్పుకుంటారు కానీ, నగరాన్ని నిజంగా మార్చింది 1982 వార్డు ఎన్నికలే అనాలి.

పాలన చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఫైళ్లు, లెక్కలు, టెండర్ల విషయంలో ఆయన యంత్రాంగం పక్కా వ్యాపారస్తుల్లా వ్యవహరించింది. 1984లో నగరం 2 లక్షల డాలర్లు ఇచ్చి కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ పెట్టించింది. ఐడియా సింపుల్. స్థలం ట్రస్టుది, ఇల్లు కొన్నవాళ్లది. అమ్మేటప్పుడు లాభంలో కొంత భాగమే తీసుకోవాలి. దాంతో ఆ ఇల్లు తర్వాత వచ్చే సామాన్యుడికి కూడా అందుబాటు ధరలోనే ఉంటుంది. అదే ట్రస్టు తర్వాత చాంప్లెయిన్ హౌసింగ్ ట్రస్ట్‌గా మారి, 2008లో వరల్డ్ హాబిటాట్ అవార్డు అందుకుంది.

సరస్సు ఒడ్డు విషయంలో మాత్రం ట్విస్ట్ ఉంది. 'అమ్మకానికి లేదు' అన్న శాండర్సే 1985లో ప్రైవేటు సంస్థ ప్రాజెక్టు ఒకదానికి మద్దతిచ్చారు. పార్కు, జనం నడిచే దారి అందులో ఉంటాయన్నది ఆయన వాదన. అందుకు కావాల్సిన బాండ్లకు ఓటర్ల అనుమతి తీసుకోవాలి. ఓటింగ్‌లో సగానికి పైగా అవునన్నారు. కానీ నిబంధన ప్రకారం కావాల్సింది మూడింట రెండొంతులు. ప్రాజెక్టు పోయింది. 1989లో వెర్మాంట్ సుప్రీంకోర్టు, సరస్సును పూడ్చి సంపాదించిన ఆ భూమిపై ప్రజలకు హక్కు ఉంటుందని తీర్పు చెప్పింది. ఇవాళ అక్కడ అపార్ట్‌మెంట్ల బదులు పార్కు, సైకిల్ దారి ఉన్నాయి. మేయర్ ఓడిన ఓటింగే ఊరికి మేలు చేసిందన్నమాట!

శాండర్స్ 1989లో దిగిపోయారు. ఆయన దగ్గర పనిచేసిన పీటర్ క్లావెల్ మేయర్ అయ్యారు. 1993లో రిపబ్లికన్ పీటర్ బ్రౌనెల్ చేతిలో ఓడి, 1995లో మళ్లీ గెలిచి 2006 దాకా కొనసాగారు. శాండర్స్ వర్గం క్రమంగా ప్రోగ్రెసివ్ పార్టీగా స్థిరపడింది. అమెరికాలో మూడో పార్టీ ఇంతకాలం నిలదొక్కుకున్న నగరాలు చాలా అరుదు.

2009: మొదటి ప్రాధాన్య ఓట్లలో ముందు.. ఫలితంలో వెనక

మూడు బలమైన పార్టీలు ఉంటే ఓట్లు చీలతాయి, ఎవరికీ సగం రావు. దీనికి మందుగా బర్లింగ్టన్ 2006 నుంచి ప్రాధాన్య ఓటింగ్ తెచ్చింది. మన గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో చూస్తాం కదా, మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం, ఎలిమినేషన్ రౌండ్లు.. దాదాపు అదే పద్ధతి. ఆ ఏడాది ప్రోగ్రెసివ్ అభ్యర్థి బాబ్ కిస్ గెలిచారు.

2009లో మళ్లీ కిస్. ఎదుట రిపబ్లికన్ కర్ట్ రైట్, డెమొక్రాట్ ఆండీ మాంట్‌రోల్, ఇంకో ఇద్దరు. మొదటి ప్రాధాన్య ఓట్లలో రైట్‌కు 33 శాతం, కిస్‌కు 29, మాంట్‌రోల్‌కు 23. మూడో స్థానంలో ఉన్న మాంట్‌రోల్ ఎలిమినేట్ అయ్యారు. ఆయన ఓట్లలో ఎక్కువ భాగం కిస్‌కు మళ్లాయి. చివరి రౌండ్‌లో కిస్ 252 ఓట్ల తేడాతో గెలిచారు.

గొడవ ఎక్కడొచ్చిందంటే.. తర్వాత బ్యాలెట్లన్నీ విశ్లేషిస్తే విచిత్రం బయటపడింది. ఎలిమినేట్ అయిన మాంట్‌రోల్ ముఖాముఖి పోటీలో కిస్‌ను ఓడించేవారు, రైట్‌నూ ఓడించేవారు. ఎక్కువమందికి ఆయన ఓకే. కానీ తక్కువమందికే ఆయన ఫస్ట్ ఛాయిస్. ఇంకో వింత ఏమిటంటే, రైట్ అభిమానుల్లో చాలామందికి కిస్ కంటే మాంట్‌రోల్ నయం. వాళ్లలో కొంతమంది తమ వాడిని పక్కనపెట్టి మాంట్‌రోల్‌కు మొదటి ప్రాధాన్యం ఇచ్చి ఉంటే కిస్ గెలిచేవారు కాదు. తమకు నచ్చినవాడికి నిజాయితీగా ఓటేసి, అస్సలు నచ్చనివాడిని గెలిపించుకున్నారు వాళ్లు. ఓటింగ్ పద్ధతులపై చర్చ జరిగితే ఈ చిన్న ఊరి పేరు ఇప్పటికీ వినిపించడానికి కారణం ఇదే.

కిస్ రెండో విడతలో మరో పిడుగు పడింది. నగరం సొంతంగా నడిపే ఇంటర్నెట్, కేబుల్ సంస్థ బర్లింగ్టన్ టెలికాం కోసం నగర ఖజానా నుంచి సుమారు 1.7 కోట్ల డాలర్లు వాడేశారని 2009లో బయటికొచ్చింది. అప్పిచ్చిన సిటీబ్యాంక్ సంస్థ కోర్టుకెక్కింది. నగరం క్రెడిట్ రేటింగ్‌ను మూడీస్ తగ్గిస్తూ పోయింది. ప్రాధాన్య ఓటింగ్‌పై కోపం, మేయర్‌పై కోపం కలిసిపోయాయి. 2010 మార్చిలో ఆ పద్ధతినే జనం 52-48 శాతం తేడాతో రద్దు చేశారు. రద్దు చేసింది ఓటింగ్ విధానాన్నా, మేయర్‌నా అని అడిగితే ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. 2014లో 1.05 కోట్ల డాలర్లకు కేసు సెటిల్ అయింది. 2019లో టెలికాం సంస్థ ప్రైవేటు చేతికి వెళ్లింది.

మళ్లీ పాత రూల్ వచ్చింది. 40 శాతం దాటితే చాలు, గెలిచినట్టే. ఆ రూల్‌తోనే డెమొక్రాట్ మీరో వైన్‌బర్గర్ 2021లో నాలుగోసారి మేయర్ అయ్యారు. వచ్చింది సుమారు 43 శాతం. ప్రోగ్రెసివ్ అభ్యర్థి మాక్స్ ట్రేసీపై తేడా 129 ఓట్లు. 1981లో శాండర్స్‌కు వచ్చినదీ దాదాపు అంతే శాతం, ఈసారి లాభపడింది మాత్రం డెమొక్రాట్. అదే రోజు ఓటర్లు కౌన్సిల్ ఎన్నికలకు ప్రాధాన్య ఓటింగ్ తిరిగి తేవాలని తీర్పిచ్చారు. 2023లో దాన్ని మేయర్ ఎన్నికకూ విస్తరించారు.

ఊరు ఓటేస్తే సరిపోదు

జనం ఓటేశారు కాబట్టి వెంటనే అమలవుతుందనుకుంటే పొరపాటే. బర్లింగ్టన్ చార్టర్, అంటే నగర పాలన నిబంధనల్లో ఏ మార్పు చేయాలన్నా రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్‌లోని చట్టసభ ఒప్పుకోవాలి. 2014లో బార్లలోకి తుపాకులు తేకూడదని నగర ఓటర్లు తీర్మానించారు. రాష్ట్రం దాన్ని పట్టించుకోలేదు. 2018లో విమానాశ్రయంలో ఎఫ్-35 యుద్ధ విమానాలు వద్దని సలహా ఓటింగ్‌లో చెప్పారు. ఆ విమానాశ్రయం నగరానిదే. అయినా 2019లో విమానాలు దిగాయి, ఎందుకంటే ఆ నిర్ణయం సైన్యానిది.

ఇంకొన్నిసార్లు మాత్రం ఊరి మాటే నెగ్గింది. చట్టబద్ధంగా నివసిస్తూ అమెరికా పౌరసత్వం లేనివాళ్లకు స్థానిక ఎన్నికల్లో ఓటు హక్కు ఇవ్వాలని 2023 మార్చిలో బర్లింగ్టన్ ఓటేసింది. చట్టసభ ఆమోదించింది, గవర్నర్ ఫిల్ స్కాట్ వీటో చేశారు, జూన్‌లో చట్టసభ ఆ వీటోను కొట్టేసింది. 2024 మార్చిలో అలాంటివాళ్లు తొలిసారి ఓటు వేశారు. మేయర్, కౌన్సిల్ లాంటి స్థానిక పదవులకు మాత్రమే సుమా. రాష్ట్ర, దేశ ఎన్నికలకు పౌరసత్వం ఉండాల్సిందే. పౌరసత్వం లేకుండా ఏళ్ల తరబడి పన్నులు కడుతూ అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు గమనించాల్సింది ఒకటే. ఇది అన్ని నగరాల్లో ఉన్న హక్కు కాదు. వెర్మాంట్‌లోనూ విన్యూస్కీ, మాంట్‌పీలియర్ లాంటి కొన్ని చోట్లే ఉంది. అనుమతి లేని చోట ఓటేస్తే ఇమిగ్రేషన్ కేసులో చిక్కుకుంటారు.

పోలీసులే ఎజెండా

ఇటీవలి రాజకీయమంతా ఒక్క తీర్మానం చుట్టూ తిరిగింది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత 2020 జూన్‌లో కౌన్సిల్ పోలీసుల గరిష్ఠ సంఖ్యను 105 నుంచి 74కు తగ్గించింది. ఎవరినీ తీసేయరు, వెళ్లిపోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోరు. కానీ అనుకున్న దానికంటే వేగంగా పోలీసులు వెళ్లిపోయారు. తర్వాత ఆ పరిమితిని పెంచినా ఖాళీలు నిండటం కష్టమైంది. ఇదే సమయంలో డ్రగ్స్ ఓవర్‌డోస్‌లు, దొంగతనాలు, ఇల్లు లేనివాళ్ల సంఖ్య పెరగడం జనాన్ని కలవరపెట్టాయి. 1981లో పోలీసుల మద్దతుతో గెలిచిన వర్గానికే 40 ఏళ్ల తర్వాత పోలీసుల అంశం తలనొప్పిగా మారింది. 2023లో పోలీసులపై ప్రజా పర్యవేక్షణ బోర్డు ప్రతిపాదనను ఓటర్లు భారీ తేడాతో తిరస్కరించారు. ఇక ప్రోగ్రెసివ్‌ల పని అయిపోయినట్టే అనిపించింది.

2024 మార్చి 5న మాత్రం సీన్ మారింది. పోలీసు శాఖను మళ్లీ బలోపేతం చేయాలన్న డెమొక్రాట్ జోన్ షానన్‌పై ప్రోగ్రెసివ్ అభ్యర్థి ఎమ్మా మల్వేనీ-స్టానక్ గెలిచారు. భద్రతే ముఖ్యమని ఆమె కూడా అన్నారు, కాకపోతే చికిత్స, ఇల్లు, మానసిక ఆరోగ్యం కూడా కలిపి చూడాలన్నారు. ప్రాధాన్య ఓటింగ్ అమల్లో ఉన్నా రెండో రౌండ్ అవసరమే రాలేదు. తొలి లెక్కింపులోనే ఆమె సగం దాటారు. బర్లింగ్టన్‌కు తొలి మహిళా మేయర్ ఆమె. అయితే కౌన్సిల్‌లో మెజారిటీ ఆమె పార్టీకి దక్కలేదు. నాలుగు దశాబ్దాల కిందట శాండర్స్ ఎదుర్కొన్న పరిస్థితి అంత తీవ్రంగా కాకపోయినా, బడ్జెట్ నుంచి నియామకాల దాకా ఎదుటి పార్టీని ఒప్పించక తప్పని స్థితి ఆమెది.

ఖర్చు మాట వస్తే ఓటర్లు అన్నింటికీ వద్దనేవాళ్లేం కాదు. 2020లో విషపూరిత రసాయనాలు బయటపడటంతో ఊరి హైస్కూలు మూతపడింది. పిల్లలు డౌన్‌టౌన్‌లోని పాత మేసీస్ డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనంలో చదువుకున్నారు. కొత్త స్కూలు కోసం 16.5 కోట్ల డాలర్ల బాండ్లకు 2022 నవంబర్‌లో ఓటర్లు ఓకే చెప్పారు. ఆ భారం మళ్లీ పడేది ఇంటి పన్ను మీదే. 1981లో మేయర్‌ను ఓడించిన పన్ను అది.

శాండర్స్ హయాంలో రెండేళ్లుగా ఉన్న మేయర్ పదవీకాలం ఇప్పుడు మూడేళ్లు. 2024 తర్వాత మేయర్ ఎన్నిక జరగాల్సింది 2027 మార్చి టౌన్ మీటింగ్ డే నాడు.